గోస్తని నది పొంగి మేత మొత్తం పోయింది. పశువు చావకపోతే ప్రభుత్వ సాయం ఏ పద్దులో అడగాలి?

పద్మనాభం పాడి
తుపాను వానలకు గోస్తని పొంగింది. పైన తాటిపూడి జలాశయం గేట్లు కూడా ఎత్తడంతో పద్మనాభం మండలంలో పల్లపు పొలాలు ఆరు రోజులు నీళ్లలోనే ఉన్నాయి. గొడ్లు ఒక్కటీ చావలేదు, పోయిందంతా మేతే. బోరు కింద ముప్పావు ఎకరం సూపర్ నేపియర్ గడ్డి కుళ్లింది. వర్షాధారంగా వేసిన ఎకరం పావు మేత జొన్న పడిపోయింది. ఏటి గట్టు బీడు మీద, దాన్ని ఆనుకున్న సొంత పొలంలో కొంత మేర అర అడుగు ఒండ్రు పేరుకుంది. కళ్లంలో గడ్డికుప్ప అడుగు నుంచి సగం దాకా తడిసింది. ఆరు గేదెలు, రెండు ఆవులకు మేత కావాలి. భూమి లేని గొర్రెల కాపర్ల కుటుంబాలు కూడా ఊళ్లో ఉన్నాయి, రెండు వందల జీవాల దాకా ఉంటాయి. వాటికి ఆ బీడే ఆధారం.

అమెరికాలో మేత పోతే నెల మేత ఖర్చులో 60 శాతం ప్రభుత్వమే ఇస్తుందని చదివాం. మన దగ్గర అలాంటిది ఉందా? లేకపోతే ఉన్నవాటిలో మేతకు వర్తించేది ఏది? ఏ కాగితం ఎవరికి ఇవ్వాలి?

గరువు పొలం
ముందు చేదు మాట చెప్పేస్తాను. బీడులో గడ్డి పోయినందుకు, కుప్ప తడిసినందుకు రైతు ఖాతాలో డబ్బు వేసే పద్దు మన దగ్గర లేదు. విపత్తు సాయం నడిచేది రాష్ట్ర విపత్తు స్పందన నిధి (ఎస్‌డీఆర్‌ఎఫ్) నిబంధనల మీద. 2022-23 నుంచి 2025-26 వరకు కేంద్రం ఇచ్చిన పట్టికలో చనిపోయిన పశువుకు, విత్తిన పంటకు, పశు శిబిరానికి వేర్వేరు వరుసలు ఉన్నాయి. మేత నష్టాన్ని ఈ వరుసల్లో ఏదో ఒక దానిలోకి తెచ్చుకోవాలి. మీకు మొదటిది వర్తించదు, మిగతా రెండూ వర్తిస్తాయి.

నేపియర్, మేత జొన్న విత్తిన పంటలే. నష్టం 33 శాతం, ఆపైన ఉంటే పెట్టుబడి రాయితీ వస్తుంది. వర్షాధారానికి హెక్టారుకు రూ.8,500, నీటి వసతి ఉంటే రూ.17,000, బహువార్షిక పంటకు రూ.22,500. గరిష్ఠం రెండు హెక్టార్లు. ఎకరాల్లో చెప్పుకుంటే వరుసగా సుమారు రూ.3,440, రూ.6,880, రూ.9,100. మీ జొన్నకు రూ.4,300 దాకా వస్తుంది. నేపియర్‌ను నీటి వసతి పంటగా రాస్తే రూ.5,160, బహువార్షికంగా రాస్తే రూ.6,800 పైన. అందుకే నమోదులో ఉత్త 'పశుగ్రాసం' అని కాకుండా 'బహువార్షిక పశుగ్రాసం, నేపియర్' అని ఉందో లేదో చూడండి.

సొంత పొలంలో ఒండ్రుకు వేరే వరుస ఉంది. మూడు అంగుళాలకు మించి మేట వేస్తే తొలగించడానికి సన్న, చిన్నకారు రైతులకు హెక్టారుకు రూ.18,000. మీది అర అడుగు కాబట్టి వర్తిస్తుంది. గట్టు బీడుకు మాత్రం వర్తించదు. ఒండ్రు తీయకముందే స్కేలు నిలబెట్టి ఫొటో తీయించండి. ట్రాక్టరు పెట్టి ఎత్తేశాక ఎవరొచ్చినా రాయడానికి ఏమీ మిగలదు.

ఇవి కేంద్రం పెట్టిన లెక్కలు. రాష్ట్రం జీవో ఇచ్చి పెంచవచ్చు. 2024 సెప్టెంబరు వరదలప్పుడు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వరికి హెక్టారుకు రూ.25,000 ప్రకటించింది. కాబట్టి ఈసారి వచ్చిన జీవోలో పశుగ్రాసం అనే మాట ఉందో లేదో చదవండి. ఉంటే దాని నంబరు అర్జీలో రాయండి.

కళ్లంగట్టు
పై లెక్క సరే. కానీ దాని పునాది ఈ-పంట నమోదు, అంటే ఏ సర్వే నంబరులో ఏ పంట ఉందో ప్రభుత్వ రికార్డులోకి ఎక్కించడం. వరిని అందరూ ఎక్కిస్తారు. గడ్డి దగ్గరికి వచ్చేసరికి 'ఇదీ ఓ పంటేనా' అని రైతూ వదిలేస్తాడు, నమోదు చేసే వ్యవసాయ సహాయకుడూ వదిలేస్తాడు. సర్వే నంబరు ఎదురుగా 'సాగులో లేదు' అని ఉంటే పొలంలో నేపియర్ మనిషెత్తు ఉన్నా పంట నష్టం గణన బృందం దాన్ని రాయదు. ముందు రైతు సేవా కేంద్రానికి వెళ్లి మీ నమోదు చూడండి. ఎక్కి ఉంటే ఈ-కేవైసీ వేలిముద్ర పూర్తయిందో లేదో అడగండి. ఎక్కకపోతే విత్తనం కొన్న రసీదు, పంట ఉన్నప్పటి తేదీతో ఉన్న ఫొటో, పక్క రైతుల సంతకాలు జత చేసి మండల వ్యవసాయ అధికారికి రాతపూర్వకంగా ఇచ్చి, ఇచ్చినట్టు ముద్ర వేయించుకోండి. ఆ తర్వాత ఒప్పుకుంటారా లేదా అన్నది వేరు, ముద్ర లేకపోతే అడిగినట్టే లెక్క కాదు.

కౌలుకు చేసేవాళ్లయితే సాగుదారు హక్కు పత్రం, అదే సీసీఆర్‌సీ కార్డు, ఉండాలి. దాని గడువు 11 నెలలే. గడువు దాటిన కార్డుతో వెళితే డబ్బు పట్టాదారు పేరున పడుతుంది, తర్వాత అతన్ని అడిగి తెచ్చుకోవడం మీ తంటా.

గణన అయ్యాక జాబితాను రైతు సేవా కేంద్రంలో గోడకు అంటిస్తారు. అంటించిన రోజే వెళ్లి చూడాలి. పేరు ఉంటే చాలదు. విస్తీర్ణం, పంట పేరు, నష్ట శాతం, ఖాతా చివరి అంకెలు, నాలుగూ చూడాలి. మంజూరై కూడా డబ్బు రాకపోతే ఎక్కువ సార్లు కారణం ఆధార్ వేరే బ్యాంకు ఖాతాకు జోడై ఉండటమే. ఏ ఖాతాకు జోడైందో బ్యాంకులో అడిగితే చెబుతారు. పాత ఖాతాకు వేసిన డబ్బు వెనక్కి పోతే మళ్లీ రప్పించడానికి నెలలు పడుతుంది.

మేత లెక్క
ఇద్దరూ పంట దారి చెప్పారు. నాకు ముఖ్యమనిపించేది పశు శిబిరం వరుస. బీడు మేత పోయినవాడికి నిబంధనల్లో చోటున్నది అక్కడే, దాన్ని అడిగేవాళ్లు తక్కువ.

శిబిరంలో మేత, దాణా, నీరు, మందులు కలిపి పెద్ద పశువుకు రోజుకు రూ.80, చిన్న జీవానికి రూ.45. మామూలు గడువు 30 రోజులు. రాష్ట్ర కార్యనిర్వాహక కమిటీ అవసరాన్ని బట్టి 60 రోజులకు, తీవ్ర కరువైతే 90 రోజులకు పొడిగించవచ్చు. మీ లెక్కే చూడండి. ఎనిమిది గొడ్లకు 30 రోజులకు రూ.19,200. మీ జొన్న, నేపియర్ రెండింటికీ కలిపి వచ్చేది రూ.11,000 పైచిలుకు. ఇక రెండు వందల గొర్రెలకైతే రోజుకు రూ.9,000, నెలకు రూ.2,70,000. భూమి లేనివాళ్లకు పంట దారిలో ఒక్క రూపాయి రాదు. వాళ్లకు ఉన్న ఒకే దారి ఇది. ఈ డబ్బు చేతికి ఇవ్వరు, మేతగా వస్తుంది. అయినా గొర్రెలు అమ్ముకోకుండా నిలబెట్టేది అదే.

ఇంకో వరుస కూడా ఉంది: శిబిరం బయట ఉన్న పశువులకు మేత రవాణా ఖర్చు. పాలిచ్చే గేదెను శిబిరానికి తోలితే పాలు తగ్గుతాయి, పది ఊళ్ల గొడ్లు ఒకచోట చేరితే గాలికుంటు, గొంతువాపు అంటుకునే ప్రమాదం ఉంది. అందుకని గేదెలున్నవాళ్లు 'ఊరికే మేత పంపండి' అని రవాణా పద్దు కింద అడగాలి, గొర్రెలవాళ్లు శిబిరం అడగాలి. రెండూ ఒకే అర్జీలో రాయవచ్చు.

ఎక్కడ చెడుతుందంటే నోటిమాట దగ్గర. 'మేత లేదండీ' అని పదిమంది చెప్పినా పైకి అంకె వెళ్లదు. పశుసంవర్ధక సహాయకుడిని ఊళ్లోకి పిలిచి ఇంటింటి లెక్క రాయించండి. యజమాని పేరు, గేదెలు, ఆవులు, దూడలు, గొర్రెలు, మేకలు, చెవి పోగు నంబర్లు రాయాలి. గేదెలకు 12 అంకెల పోగు చాలావరకు ఉంటుంది. గొర్రెలకు ఉండదు, కాబట్టి పొద్దున మంద బయల్దేరకముందే దొడ్డి దగ్గర లెక్కపెట్టించాలి. మధ్యాహ్నం వస్తే మూడు మందలు కలిసి ఉంటాయి, అంకె మీద తగువు మొదలవుతుంది.

తర్వాత రోజుకు ఎంత మేత కావాలో రాయండి. నాలుగు వందల కిలోల గేదెకు రోజుకు 10 నుంచి 12 కిలోల పొడి పదార్థం (తేమ తీసేశాక మిగిలే మేత బరువు) కావాలి. పచ్చిమేత ఉంటే 25 కిలోల పచ్చిగడ్డి, 6 కిలోల వరిగడ్డి. పచ్చిది అసలు లేకపోతే 8 కిలోల వరిగడ్డికి దాణా తోడు కావాలి, వట్టి గడ్డితో కడుపు నిండుతుంది కానీ పాలు పడిపోతాయి. గొర్రెకు 4 కిలోల పచ్చిమేత. ఎనిమిది గొడ్లకు నెలకు దాదాపు 1,900 కిలోల వరిగడ్డి అని రాస్తే తహసీల్దారు కార్యాలయంలో దాన్ని లారీల్లోకి మార్చుకోగలరు. 'మేత కొరత తీవ్రంగా ఉంది' అని రాస్తే ఎవరూ ఏమీ చేయలేరు.

మన దగ్గర తుపాన్లు అక్టోబరు, నవంబరుల్లో వస్తాయి. అప్పటికి పోయిన ఏటి గడ్డి కుప్ప అడుగుకు చేరి ఉంటుంది, కొత్త గడ్డి వరికోతలు అయితే గానీ రాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చిందీ ఈ సమయానికే. ఈ మధ్య కాలాన్ని దాటించడమే శిబిరం పని, కాబట్టి నీళ్లు తీసిన వారంలోపే అర్జీ వెళ్లాలి. నెల తర్వాత అడిగితే 'కోతలు వచ్చేశాయి కదా' అంటారు.

పద్మనాభం పాడి
చాలా ఉపయోగపడింది, నేపియర్ నమోదు రేపే చూస్తాం. మూడు సందేహాలు. తడిసిన గడ్డిని యూరియాతో బాగుచేయవచ్చా? ఒండ్రు పట్టిన గడ్డిలో గొర్రెల్ని వదలవచ్చా? ఇకముందు జీవం చనిపోతే ఏం చేయాలి?

జీవాల వైద్యం
కుప్పను మూడు భాగాలుగా విప్పండి. నల్లబడి, బూజు వాసన వచ్చేది పెంటకుప్పకే. యూరియా బూజు విషాన్ని తీయదు, ఆ గడ్డిని గొడ్డుకు పెట్టొద్దు, కింద పరుపుగా కూడా వేయొద్దు. తడిసినా రంగు మారనిదాన్ని పల్చగా పరిచి ఎండలో రోజుకు రెండుసార్లు తిప్పండి. పొడిగా మిగిలినదాన్నే యూరియాతో మాగబెట్టండి. వంద కిలోల ఎండుగడ్డికి 4 కిలోల యూరియా, 60 లీటర్ల నీళ్లు. యూరియా పూర్తిగా కరిగాకే చల్లాలి. గడ్డలు మిగిలితే గొడ్డు వాటిని నాకి ప్రాణం మీదికి తెచ్చుకుంటుంది. పొర పొరకూ తొక్కి, గాలి పోకుండా టార్పాలిన్ కప్పి 21 రోజులు ఉంచాలి. తీశాక గంటసేపు ఆరబెట్టి, మొదటి వారం మామూలు గడ్డిలో కలిపి అలవాటు చేయాలి. ఆరు నెలల లోపు దూడలకు పెట్టకూడదు. కలిపిన తొట్టి, మిగిలిన నీళ్లు గొడ్లకు అందకుండా చూడండి, ఎక్కువ చావులు అక్కడే.

ఒండ్రు గడ్డిలో వెంటనే వదలొద్దు. మట్టి కడుపులోకి పోయి పారుడు పడుతుంది. ఒక మంచి వాన కడిగాక, పొద్దున మంచు ఆరాక వదలండి. నీళ్లు నిలిచిన గుంటల అంచున నత్తలు ఉంటాయి. అక్కడి గడ్డితో కార్జపు జలగ వస్తుంది, దాని లక్షణాలు బయటపడేది రెండు మూడు నెలలకు. అప్పటికి తుపానును అందరూ మరిచిపోయి ఉంటారు, అందుకే ఇప్పుడే పశువైద్యుడితో మందు తాగించే తేదీ రాయించుకోండి. నీళ్లు తీశాక లేత గడ్డి ఒక్కసారిగా మొలిచినప్పుడు ఆకలి మీదున్న గొర్రెలు మేస్తే చిటుక రోగంతో చస్తాయి. టీకా వేయించి ఉండాలి, మొదటి వారం గంట, రెండు గంటల కంటే మేపొద్దు.

పడిపోయిన జొన్న మొదళ్ల నుంచి పిలకలు వస్తాయి. ఆ లేత పిలకల్లో సైనైడ్ విషం ఉంటుంది. ఆకలితో ఉన్న గొడ్డు ఒక్క పూట మేసినా చాలు. పూతకు వచ్చేదాకా కంచె వేసి ఉంచండి. ఈలోగా గొర్రెలకు అవిశ, నిద్రగన్నేరు, మర్రి, రావి రెమ్మలు కొట్టివేయండి. సుబాబుల్ కూడా మంచిదే, మొత్తం మేతలో మూడో వంతు దాటకుండా చూడండి.

జీవం చనిపోతే పాతిపెట్టే ముందే పశువైద్యుడు చూడాలి. 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది. శవపరీక్ష నివేదిక, పోగు కనబడేలా ఫొటో, వీఆర్వో సంతకంతో పంచనామా కావాలి. కేంద్ర నిబంధనల ప్రకారం పాడి గేదె, ఆవుకు రూ.37,500 చొప్పున కుటుంబానికి మూడు, గొర్రె, మేకకు రూ.4,000 చొప్పున ముప్పై, ఎద్దుకు రూ.32,000, దూడకు రూ.20,000. విపత్తు వల్ల చనిపోయినట్టు తేలాలి. వరద తగ్గిన నెలకు ఆకలితో నీరసించి చస్తే దీని కిందికి తేవడం కష్టం. మేత నష్టాన్ని ఇప్పుడే కాగితం మీద పెట్టమనేది అందుకూ. కొట్టుకుపోయి శవం దొరకకపోతే ముందే రాయించిన ఇంటింటి లెక్కే మీకు సాక్ష్యం.

పశు బీమా వేరే సంగతి. అది మేతకు రాదు, చావుకే వస్తుంది. జాతీయ పశుధన మిషన్ కింద ప్రీమియంలో రైతు వాటాను 2024లో 15 శాతానికి తగ్గించారు. కాపర్లు వినియోగించుకోవాలి.

ప్రెయిరీ గడ్డి
అడిగారు కాబట్టి అమెరికా సంగతి. మీరు చదివిన 60 శాతం పథకం పేరు లైవ్‌స్టాక్ ఫోరేజ్ డిజాస్టర్ ప్రోగ్రామ్, వ్యవసాయ శాఖలోని ఫార్మ్ సర్వీస్ ఏజెన్సీ నడుపుతుంది. 2014 వ్యవసాయ చట్టంతో శాశ్వతమైంది. అయితే అది కరువుకు మాత్రమే, దాంతోపాటు ప్రభుత్వ భూముల్లో మంటల వల్ల మేపు ఆపితే. వరదకూ తుపానుకూ రాదు. వాటికి ఈలాప్ అనే వేరే పథకం ఉంది. మీ గోస్తని గట్టు అక్కడ ఉన్నా ఈ 60 శాతం వచ్చేది కాదు.

గమనించాల్సింది వేరు. అక్కడ ఎవరూ వచ్చి గడ్డి ఎంత పోయిందో కొలవరు. వారం వారం కరువు పటం వస్తుంది. మేపు కాలంలో జిల్లాలో ఏ భాగమైనా డీ3 (అతి తీవ్ర కరువు) స్థాయికి చేరితే చాలు, మూడు నెలల చెల్లింపుకు అర్హత. పశువుల సంఖ్య మీద, భూమి ఎన్ని పశువుల్ని మేపగలదన్నదాని మీద విడివిడిగా లెక్కకట్టి, ఏది తక్కువైతే దానిలో 60 శాతం ఇస్తారు. ఏడాదికి గరిష్ఠం 1,25,000 డాలర్లు. కౌలు పచ్చికకూ వస్తుంది, కానీ ముందుగా విస్తీర్ణం నమోదు చేయాలి. నమోదు లేక పోగొట్టుకునేవాళ్లు అక్కడా ఉన్నారు. మన బీడుకూ ఊరి పేరున మేపు భూమిగా విస్తీర్ణం, మేసే జీవాల సంఖ్య రాసి ఉంటే, నీళ్లు నిలిచిన రోజుల్ని బట్టి మేత ఇవ్వడం అసాధ్యమేమీ కాదని నా గట్టి నమ్మకం. గ్రామసభలో ఆ తీర్మానం పెట్టించండి.

మేత లెక్క
విత్తనం గురించి ఒక మాట. ఒండ్రు మీద పదును ఉండగానే మేత మొక్కజొన్న ఎకరాకు 16 నుంచి 20 కిలోలు చల్లితే రెండు నెలలకు కోతకు వస్తుంది. అలసంద కలిపితే ఇంకా మేలు. వరి ఉన్నవాళ్లు కోతకు నాలుగైదు రోజుల ముందు పిల్లిపెసర చల్లుకోవాలి. నేపియర్ మళ్లీ నాటాలంటే మూడడుగుల సాళ్లు, రెండడుగుల ఎడంతో ఎకరాకు 7,260 ముచ్చెలు (నాటే కాండం ముక్కలు) కావాలి, మొదటి కోతకు 70 రోజులు పైనే. రాయితీ విత్తనం కోసం రైతు సేవా కేంద్రంలో ముందే పేరు రాయించండి. ట్రేలలో పెంచే మొక్కజొన్న నారు జోలికి వెళ్లొద్దు. కిలో గింజకు ఐదారు కిలోలు కనబడుతుంది గానీ అందులో పెరిగింది నీళ్లే.

అర్జీ తహసీల్దారుకు, నకలు మండల పశువైద్యాధికారికి. వారంలో కదలిక లేకపోతే సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా ఫిర్యాదుల వేదికలో ఇచ్చి అర్జీ నంబరు తీసుకోండి, ఆ నంబరుతో 1100కు ఫోన్ చేస్తే ఎవరి బల్ల మీద ఉందో చెబుతారు. జతచేయాల్సినవి: ఇంటింటి పశువుల లెక్క, రోజువారీ మేత అవసరం కిలోల్లో, బీడు సర్వే నంబరు, ఒండ్రు ఫొటోలు, కాపర్లందరి సంతకాలు లేదా వేలిముద్రలు. గేదెలవాళ్లు, గొర్రెలవాళ్లు వేర్వేరుగా వెళ్లకండి.

పద్మనాభం పాడి
రేపు పొద్దున ఆరుకే దొడ్ల దగ్గర లెక్కకు రమ్మని సహాయకుడికి చెప్పాం. లెక్క వచ్చాక అర్జీ ముసాయిదా ఇక్కడే పెడతాం, అంకెలు సరిచూడండి.

కళ్లంగట్టు
పెట్టండి. పెట్టే ముందు పోగు నంబర్లు, ఆధార్ అంకెలు కొట్టేయండి.